గుండె బొమ్మా, ఇడ్లీ బిల్లూ

సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలిసిన బాధ ఒకటుంది. ప్రొడక్షన్‌లో ఏదో తేడా చేస్తుంటుంది. లోపలికెళ్లి చూడ్డానికి పర్మిషన్ ఉండదు. సర్వర్ ఆపడానికి అసలే ఉండదు. చేతిలో ఉన్నదల్లా బయటికి కనిపించే నాలుగు గ్రాఫులూ, కాసిని లాగులూ (నిక్కర్లు కాదండీ, లాగ్ ఫైళ్లు). వాటిని పట్టుకుని లోపల ఏ మాడ్యూలు ఏడుస్తోందో తెల్లారేలోగా చెప్పాలి. మనం ఈ పని మేనేజర్ని తిట్టుకుంటూ చేస్తాం. గుండె డాక్టర్లు నూట పాతికేళ్లుగా చేస్తున్నది కూడా అచ్చంగా ఇదే. వాళ్ల సర్వర్‌ని రీస్టార్ట్ చేసి చూద్దామంటే కుదరదు, అంతే తేడా.

గుండె ఒక పంపు అని అందరికీ తెలుసు. పంపన్నాక దానికో వైరింగు కూడా ఉంటుంది కదా, దాని గురించి మాత్రం ఏదైనా తేడా వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. పై కుడి గదిలో సైనస్ నోడ్ అని ఓ చిన్న కణాల గుంపు ఉంటుంది. కరెంటు అక్కడ పుడుతుంది. పై గదులంతా పాకి, మధ్యలో ఏవీ నోడ్ అనే చెక్‌పోస్టు దగ్గర సుమారు సెకనులో పదోవంతు ఆగుతుంది. పై గదులు రక్తాన్ని కిందికి నెట్టడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి మరి. ఆ తర్వాత సన్నటి పోగుల మీదుగా కింది గదుల్లోకి దూసుకెళ్లి, మళ్లీ సెకనులో పదోవంతు లోపలే మొత్తం కండని మేల్కొలుపుతుంది. రోజుకి ఇలా లక్షసార్లు. ఏ డేటా సెంటరూ ఇంత నమ్మకంగా పని చెయ్యదు.

ఈ కరెంటు గుండెలోనే ఆగిపోదు. మన ఒళ్లంతా ఉప్పునీళ్లే కాబట్టి అది చర్మం దాకా వస్తుంది. కాకపోతే నీరసించిపోయి వస్తుంది. ఒక్కో కణం దగ్గర 100 మిల్లీవోల్టుల దాకా ఉండే మార్పు, ఛాతీ మీద పెట్టిన పట్టీ దగ్గరికొచ్చేసరికి ఒక మిల్లీవోల్టు అటూఇటూ. దీన్ని మనిషి ఒంటి మీద మొదట పట్టుకున్నాయన లండన్‌లో అగస్టస్ వాలర్, 1887లో. ఆయన తన పెంపుడు కుక్క జిమ్మీ కాళ్లని ఉప్పునీళ్ల గిన్నెల్లో పెట్టించి జనానికి ప్రదర్శనలిచ్చేవాడు. తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెం ఐంతోవెన్ దాన్ని అసలైన యంత్రంగా మార్చాడు. ఆ యంత్రం బరువు దాదాపు 270 కిలోలు, నడపడానికి అయిదుగురు మనుషులు. ఇంకా బాగున్న సంగతేంటంటే, యంత్రం లేబులో, రోగులు ఆస్పత్రిలో. రెంటికీ మధ్య ఒకటిన్నర కిలోమీటరు దూరం. అంచేత 1905లో ఆ మహానుభావుడు టెలిఫోన్ తీగ మీద గుండె సిగ్నల్ పంపించి రికార్డు చేశాడు. రిమోట్ మానిటరింగ్ ఏదో మనమే కనిపెట్టినట్టు ఫోజు కొడతాం గానీ! ఐంతోవెన్‌కి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మన వీధి చివర లేబులో తీసే ఈసీజీ కూడా దాని మనవడే. పది తీగలు తగిలిస్తారు, పన్నెండు కోణాల్లో గీతలొస్తాయి. అనుభవమున్న డాక్టరు ఆ గీతలు చూసి చెప్పే సంగతులు వింటే మనకి కళ్లు తిరుగుతాయి. అయినా అది పన్నెండు కిటికీల్లోంచి ఇంట్లోకి తొంగి చూడటమే. ఇంట్లో గొడవ జరుగుతోందని తెలుస్తుంది. ఏ వైపు గదిలోనో కూడా ఓ మోస్తరుగా తెలుస్తుంది. గదిలో ఏ మూలన అంటే మాత్రం చెప్పడం కష్టం.

నాకు ఈ గొడవంతా ఎందుకూ అంటారా? అక్కడికే వస్తున్నా.

మా మావయ్య (అమ్మకి తమ్ముడు) రాజమండ్రిలో ఉంటాడు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వయసు అరవై ఆరు. ఆమధ్య మెట్లెక్కితే ఆయాసం, గుండె మధ్యమధ్యలో ఓ దెబ్బ ఎగ్గొట్టినట్టుండటం మొదలయ్యాయి. ఓ రోజంతా ఒంటికి హోల్టర్ మిషను కట్టి చూస్తే, రోజుకొచ్చే లక్ష చిల్లర దెబ్బల్లో 22 వేలు అసలు రావాల్సినవి కావని తేలింది. వైరింగుతో సంబంధం లేకుండా కింది గదుల్లో ఎక్కడో ఒక చోటి నుంచి తనంతట తానే కరెంటు పుట్టి, మిగతా గుండెని వేళకాని వేళ తట్టి లేపుతోందన్నమాట. ఇలాంటి అదనపు దెబ్బలు అప్పుడప్పుడూ చాలామందికి వస్తాయి, వాటికి భయపడక్కర్లేదు. ఇన్ని వేలు, నెలల తరబడి వస్తే మాత్రం పంపు బలహీనపడుతుంది. మావయ్యకి పడింది కూడా. ఎకోలో అరవై ఉండాల్సిన అంకె నలభై అయిదుకి వచ్చింది. మూడు నెలలు మాత్రలు వాడినా లాభం లేకపోయింది.

హైదరాబాదులో చూపిస్తే డాక్టరుగారు అబ్లేషన్ అన్నారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి కాథెటర్లు గుండెలోకి పంపి, ఆ దొంగ కరెంటు ఎక్కడ పుడుతోందో కనిపెట్టి, ఆ చిన్న ముక్కని వేడితో మాడ్చెయ్యడం. ఎక్కడుందో అంటే ఆయన దాపరికం లేకుండా చెప్పారు. "ఈసీజీ చూస్తే కుడి గది పైభాగం అనిపిస్తోంది. కానీ ఎడమ గది పైభాగం దాన్ని ఆనుకునే ఉంటుంది, అక్కడిది కూడా కావచ్చు. లోపలికెళ్తేగానీ ఖాయంగా చెప్పలేను" అని. నాకైతే ఆ మాటతో ఆయన మీద గురి కుదిరింది. మావయ్యకి మాత్రం అక్కడే గుండె జారింది (మాటవరసకే!). ఎందుకంటే కుడి వైపుకైతే సిర లోంచి వెళ్తారు. ఎడమ వైపుకైతే ధమని లోంచి వెళ్లి, గుండెకే రక్తమిచ్చే నాళాల మొదళ్లకి దగ్గర్లో పని చెయ్యాలి. పెద్ద చిక్కులు అరుదేగానీ లేకపోలేదు.

సరిగ్గా ఆ టైములో ఆయన మనవడు ఫోన్లో ఓ వీడియో చూపించాడట. అమెరికాలో ఒకతనికి పట్టీలు నిండుగా అతికించిన చొక్కా తొడిగారు. ఓ స్కాన్ తీశారు. కంప్యూటర్ తెర మీద అతని గుండె ఎరుపూ పసుపూ నీలం రంగుల్లో వెలుగుతూ తిరుగుతోంది. కరెంటు ఎక్కడ పుడుతోందో ఎర్రటి చుక్క. కోత లేదు, తీగ లేదు.

ఆ రాత్రే నాకు ఫోన్. "అల్లుడూ, చొక్కా తొడుక్కుంటే తెలిసిపోయేదానికి వీళ్లు తొడలోంచి తీగలెందుకు దూరుస్తానంటున్నారు? నువ్వు కంప్యూటర్లోడివి కదా, ఆ బొమ్మ నిజమేనో కాదో చూసి చెప్పు. నిజమైతే నేనీ తీగల పని చేయించుకోను" అన్నాడు. ఆస్పత్రివాళ్లిచ్చిన తేదీకి పది రోజులుంది. మావయ్య ఒకసారి వద్దన్నాడంటే మళ్లీ ఒప్పించడం మా అత్తయ్య వల్ల కూడా కాదు. ఆ పది రోజులూ నేను రాత్రిళ్లు కూర్చుని చదివిన దాని సారం ఇది.

ముందు ఆ చొక్కా సంగతి. దాని పేరు ఎలక్ట్రోకార్డియోగ్రాఫిక్ ఇమేజింగ్, ముద్దుగా ఈసీజీఐ. చొక్కాలో పదికి బదులు దాదాపు 250 ఎలక్ట్రోడ్లుంటాయి. ముందూ వెనకా ఛాతీ చుట్టూ. చొక్కాతోనే సీటీ స్కాన్ తీస్తారు. దాంతో ప్రతి ఎలక్ట్రోడూ ఎక్కడుందో, లోపల గుండె ఏ ఆకారంలో ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. ఇక చర్మం మీద కొలిచిన వోల్టేజీల నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్లి, గుండె పైపొర మీద ఒక్కో చోట ఒక్కో క్షణానికి వోల్టేజీ ఎంతుండి ఉంటుందో కంప్యూటర్ తేలుస్తుంది. ఒక్క దెబ్బ రికార్డయితే చాలు, ఆ దెబ్బ మ్యాపు మొత్తం వచ్చేస్తుంది. కాథెటర్‌తో అయితే ఒక్కో చోటా తాకుతూ, అదే రకం దెబ్బ మళ్లీమళ్లీ వచ్చేదాకా కాచుకుంటూ కూడబెట్టాలి.

ఇది రాత్రికి రాత్రి వచ్చింది కాదు. 1970ల్లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో రోజర్ బార్, మాడిసన్ స్పాక్ కుక్కల మీద ఈ వెనకలెక్క చేసి చూపించారు. తర్వాత యోరామ్ రూడీ అనే ఆయన దశాబ్దాల తరబడి దీన్నే పట్టుకుని కూర్చున్నాడు. ముందు క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ యూనివర్సిటీలో, తర్వాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో. 2004లో నేచర్ మెడిసిన్ పత్రికలో మనుషుల మీద ఫలితాలు వేశారు. ఆ పేపర్లో మొదటి పేరు చారులత రామనాథన్. ఆవిడా, సహ విద్యార్థి పింగ్ జియా కలిసి క్లీవ్‌లాండ్‌లో కార్డియోఇన్‌సైట్ అనే కంపెనీ పెట్టారు. దాన్ని 2015లో మెడ్‌ట్రానిక్ కొనుక్కుంది. థీసిస్ రాసి అటకెక్కించకుండా దాన్ని ఓ వస్తువుగా చేసి ఆస్పత్రుల దాకా తీసుకెళ్లడం మాటలు కాదు. అదలా ఉంచండి.

ఇక మావయ్య అడిగిన అసలు ప్రశ్న: ఆ బొమ్మ నిజమేనా?

గుండె మీద వోల్టేజీ ఎంతో మనకి తెలిస్తే చర్మం మీద ఎంత ఉంటుందో లెక్కగట్టడం తేలిక. గుండెకీ చర్మానికీ మధ్య వేరే కరెంటు పుట్టే చోటు లేదనుకోవచ్చు కాబట్టి, ఇంజనీరింగు రెండో సంవత్సరంలో మనం బట్టీపట్టి పరీక్షయ్యాక మర్చిపోయిన లాప్లాస్ సమీకరణమే సరిపోతుంది. దీన్ని ముందు లెక్క అనుకుందాం. చిక్కంతా వెనకలెక్కలో ఉంది. గుండె నుంచి చర్మానికి వచ్చేదారిలో వివరాలన్నీ అలుక్కుపోతాయి. అద్దం మీద ఆవిరి పడ్డట్టు. రెండు వేరు వేరు గుండె మ్యాపులు చర్మం మీద దాదాపు ఒకే రకంగా కనిపించగలవు. అలాంటప్పుడు చర్మం నుంచి వెనక్కి వెళ్లేటప్పుడు కొలతలో ఆవగింజంత తప్పుంటే జవాబులో గుమ్మడికాయంత తప్పొస్తుంది.

ఇది మావయ్యకి చెప్పడానికి నేను ఇడ్లీ బిల్లు కట్టాల్సొచ్చింది. మీకూ అదే చెప్తా.

ఆఫీసులో పార్టీ. ఒక హోటల్ నుంచి మొదటి రోజు 100 ప్లేట్ల ఇడ్లీ, 100 ప్లేట్ల వడ తెప్పించారు. బిల్లు 6000. రెండో రోజు 100 ప్లేట్ల ఇడ్లీ, 101 ప్లేట్ల వడ. బిల్లు 6030. ప్లేటు ధరలెంత? వడ 30, ఇడ్లీ 30. చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఇప్పుడు రెండో బిల్లు మీద సాంబారు పడి అంకె అలికిపోయి 6040 లా కనిపించిందనుకోండి. వడ 40, ఇడ్లీ 20 అయిపోయింది. 6060 లా కనిపిస్తే? వడ 60, ఇడ్లీ ఉచితం. 6070 అనుకున్నామా, వడ 70, ఇడ్లీ మైనస్ 10. అంటే ఇడ్లీ తిన్నందుకు హోటలాయనే మనకి ప్లేటుకి పది రూపాయలు ఎదురివ్వాలి! ఆరు వేల బిల్లులో నలభై రూపాయల తేడా, అంటే నూటికి ఒక్క రూపాయి కూడా కాదు. జవాబు మాత్రం లోకంలో లేనిది వచ్చింది. మన కూడికలు తీసివేతలు తప్పు కాదు. రెండు బిల్లులూ దాదాపు ఒకే సంగతి చెప్తున్నాయి, ఆ కాస్త తేడా మీద మనం ప్రాణం పెట్టుకున్నాం. అదీ రోగం.

ఫ్రెంచి గణితవేత్త జాక్ హాడమార్డ్ 1902 ప్రాంతంలోనే ఈ రోగానికి లక్షణాలు రాసిపెట్టాడు. ఒక లెక్క మంచి లెక్క అనిపించుకోవాలంటే జవాబుండాలి, ఒకటే ఉండాలి, డేటా కొంచెం కదిలితే జవాబు కూడా కొంచెమే కదలాలి. మన గుండె లెక్క ఆ మూడో పరీక్షలో తప్పుతుంది. దీనికి మందు 1960ల్లో రష్యాలో ఆండ్రే టిఖనోవ్ ఇచ్చాడు. మెషీన్ లెర్నింగ్ కోర్సు చేసినవాళ్లకి రిడ్జ్ రిగ్రెషన్ పేరుతో పరిచయమే. మందేంటంటే, లెక్కకి కొంచెం లోకజ్ఞానం కలపడం. "బిల్లుతో సరిపోవాలి, నిజమే. కానీ ధరలు మరీ విపరీతంగా ఉండకూడదు కూడా" అని ఓ షరతు పెడతాం. అప్పుడు బిల్లు 6070 అని కనిపించినా జవాబు ఇడ్లీ 30 చిల్లర, వడ 30 చిల్లర అనే వస్తుంది. ఎదురిచ్చే హోటళ్లు మాయమైపోతాయి. గుండె లెక్కలో కూడా అంతే, వోల్టేజీలు విపరీతంగా ఎగిరిపడకూడదనో, పక్కపక్క చోట్ల మధ్య మార్పు నున్నగా ఉండాలనో షరతు పెడతారు.

బాగానే ఉంది కదా? ఇక్కడే నేను ఆగి ఆలోచించాను. ఒకవేళ ఆ హోటల్లో నిజంగానే ఇడ్లీ 20, వడ 40 అయితే? బిల్లు మీద సాంబారేమీ పడలేదు, 6040 నిజమైన అంకే అయితే? మన షరతు గట్టిగా పెట్టామంటే అప్పుడు కూడా జవాబు రెండూ 30 చిల్లరే వస్తుంది! తప్పుని తుడిచిన గుడ్డే నిజాన్ని కూడా తుడిచేసింది. ఏది సాంబారో ఏది అసలు ధరో ఆ గుడ్డకి తెలీదు. షరతు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించడానికి పద్ధతులున్నాయి, వాటి మీద బోలెడు పేపర్లూ ఉన్నాయి. కానీ చివరికి అది ఎవరో ఒక ఇంజనీరు తిప్పే మీట. మీట ఇటు తిప్పితే బొమ్మ నిండా లేని చుక్కలు. అటు తిప్పితే ఉన్న చుక్కలు కూడా కరిగిపోయి నున్నటి, అందమైన, నమ్మబుద్ధేసే బొమ్మ.

అంటే తెర మీద తిరిగే ఆ రంగుల గుండె ఫోటో కాదు. అది ఒక అంచనా. కొలతలు కొన్ని, నమ్మకాలు కొన్ని కలిపి వండినది. పైగా ఊపిరి తీస్తే గుండె కాస్త కదులుతుంది, కొట్టుకుంటూ ఆకారం మారుతుంది, స్కాన్‌లో ఉన్నది మాత్రం ఒకే ఆకారం. పైపొర మీద వోల్టేజీ లెక్కగట్టే పద్ధతిలో రెండు కింది గదుల మధ్య గోడ నేరుగా కనిపించదు కూడా. ఇవన్నీ ఆ పరిశోధకులే రాసుకున్న పరిమితులు, దాచినవి కావు. వీడియోలో చెప్పరంతే.

మరి మొత్తానికి ఎంత సరిపోతోంది? ఫ్రాన్స్‌లోని బోర్డో ఈ చొక్కాని గట్టిగా వాడిన చోట్లలో ఒకటి. అక్కడి బృందమే 2019లో కాథెటర్‌తో గుండె పైపొరని తాకి కొలిచిన మ్యాపుల్నీ, చొక్కా లెక్కగట్టిన మ్యాపుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. మొత్తం మీద పొంతన తక్కువే అని తేలింది. ఈసీజీలో దెబ్బ వెడల్పుగా ఉన్నవాళ్లలో మెరుగ్గా ఉంది, ఇరుకుగా ఉన్నవాళ్లలో బాగా తప్పింది. తాము వాడే పనిముట్టునే ఇలా బోను ఎక్కించి ఫలితాన్ని అచ్చు వేశారు చూడండి, అందుకు వాళ్లకి దండం పెట్టాలి. మన ఇండస్ట్రీలో సొంత ప్రాడక్టు మీద ఇలాంటి రిపోర్టు ఎవరైనా బయటపెట్టగా ఎప్పుడైనా చూశారా?

ఇంతా విని "అయితే చొక్కా దండగన్నమాట" అనుకునేరు. అదేం కాదు. 2017 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లదే ఓ పేపర్ వచ్చింది. ఫిలిప్ కుకులిచ్ అనే గుండె డాక్టరు, క్లిఫర్డ్ రాబిన్సన్ అనే కాన్సర్ రేడియేషన్ డాక్టరు కలిసి చేసిన పని. ప్రాణాంతకమైన వీటీ అనే లయ తప్పుడు జబ్బుతో, మిగతా వైద్యాలు పనిచెయ్యకో, కుదరకో మిగిలిన అయిదుగురు రోగులు. చొక్కా ఇచ్చిన మ్యాపునీ, గుండెలో పాత మచ్చలు చూపించే స్కాన్లనీ కలిపి గురి పెట్టి, కాన్సర్‌కి వాడే రేడియేషన్ మిషన్‌తో ఒకే ఒక్కసారి, సగటున 14 నిమిషాలు కాల్చారు. కోత లేదు, తీగ లేదు. అంతకుముందు మూడు నెలల్లో ఆ అయిదుగురికీ కలిపి 6,577 సార్లు వచ్చిన వీటీ, మొదటి ఆరు వారాలూ గడిచాక అందరి నెలలూ కలిపి 46 నెలల్లో 4 సార్లే వచ్చింది. అయిదుగురిలో ఒక 83 ఏళ్ల రోగి మాత్రం మూడు వారాలకి పక్షవాతంతో చనిపోయారు. అయిదుగురంటే చాలా చిన్న సంఖ్య, తర్వాత ఇంకా పెద్ద పరీక్షలు మొదలయ్యాయి. కానీ ఆ పేపర్ చదువుతుంటే నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అక్కడ కూడా గమనించాల్సిన సంగతి ఒకటుంది. చొక్కా ఒక్కదాన్నీ నమ్మి కాల్చలేదు. వేరే దారిలో వచ్చిన సాక్ష్యంతో సరిచూసుకునే కాల్చారు.

ఇదంతా మావయ్యకి ఇడ్లీ బిల్లుతో సహా ఫోన్లో గంటన్నర చెప్పాను. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. నిద్రపోయాడేమో అనుకున్నా. చివర్లో ఆయనన్న మాటని ఉన్నదున్నట్టు రాస్తాను.

"అల్లుడూ, మా రోజుల్లో వర్షానికి ఫీడరు ట్రిప్పయ్యేది. ఫాల్టు ఎక్కడో సబ్‌స్టేషన్‌లో కూర్చుంటే తెలీదు. ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి ఫలానా చెరువు దగ్గర మెరుపొచ్చిందీ అనేవాళ్లు. కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు ఉత్తదే. మధ్యలో ఏబీ స్విచ్ తీసి సగం లైను చార్జి చేసి చూసేవాళ్లం. నిలబడితే ఫాల్టు ఆ తర్వాత సగంలో ఉన్నట్టు. మళ్లీ దాంట్లో సగం. ఫోనొస్తే మంచిదేరా, ఎటు బయల్దేరాలో తెలుస్తుంది. కానీ ఫోను మాట పట్టుకుని ఏ స్తంభమూ ఎక్కలేదు. అక్కడికెళ్లి, లైను డెడ్డో కాదో చూసుకున్నాకే ఎక్కేవాళ్లం. అలా చూసుకోకుండా ఎక్కినవాళ్లని ఇద్దర్ని నేను చూశాను."

బైనరీ సెర్చ్, నాయిస్ ఉన్న డేటా, వెరిఫికేషన్... నేను పది రాత్రులు చదివింది ఆయన ముప్ఫై ఏళ్లు గోదావరి గట్ల మీద తడుస్తూ చేశాడు. ఇంక నేను చెప్పేదేముంది! తీగల పనికి ఒప్పుకున్నాడు.

ఆ ఆస్పత్రిలో చొక్కా లేదు. పన్నెండు గీతల అంచనాతోనే మొదలుపెట్టారు. డాక్టరుగారు ముందు కుడి వైపు వెతికారు. తాకుతూ వెళ్తే అక్కడ కరెంటు తొందరగానే వస్తోంది గానీ, అది పుట్టిన చోటు అనేంత తొందరగా లేదట. ధమని లోంచి ఎడమ వైపుకి వెళ్లారు. బృహద్ధమని కవాటం రెక్క దగ్గర దొరికింది. పక్కనే ఉన్న నాళాల మొదలు ఎంత దూరంలో ఉందో యాంజియోగ్రామ్‌తో చూసుకుని, అప్పుడు కాల్చారు. మొత్తం మూడున్నర గంటలు. మూడు నెలల తర్వాత హోల్టర్‌లో 22 వేలు కాస్తా మూడొందల చిల్లరకి దిగింది. ఎకో అంకె 56కి ఎక్కింది.

చొక్కా ఉండుంటే ముందే ఎడమ అని చెప్పేదా? చెప్పి ఉండొచ్చు. ఇలాంటి వెడల్పాటి అదనపు దెబ్బల్లో దానికి మంచి పేరే ఉంది. చెప్పి ఉంటే ఓ గంట కలిసొచ్చేది, ఆ గంటకి విలువుంది. కానీ కాల్చే ముందు తాకి చూసుకోవడం మాత్రం తప్పేది కాదు. నేను చెప్పదల్చుకున్నదల్లా ఇంతే. లోపలికెళ్లకుండా చూడటానికీ, లోపలికెళ్లకుండా చెయ్యడానికీ మధ్య చాలా దూరముంది. మొదటిదాంట్లో బొమ్మ తప్పితే దారి తప్పుతాం, వెనక్కి రావచ్చు. రెండోదాంట్లో తప్పితే వెనక్కి రావడం ఉండదు. ఏ బొమ్మకైనా ఎంత నమ్మకం ఇవ్వాలో, దాన్ని చూసి మనం చెయ్యబోయే పనిని బట్టి ఉంటుంది.

ఈ మధ్య మనవాళ్లందరి చేతికీ గడియారాలొచ్చాయి. ఆపిల్ వాచీలో 2018 నుంచీ ఈసీజీ తీసే సదుపాయముంది. అది ఒకే ఒక్క కిటికీ. లయ తప్పిందా లేదా చెప్పడానికి పనికొచ్చే కిటికీయే. మా ఫ్లోర్‌లో మాత్రం స్టాండప్ మీటింగ్ అవగానే ఒకరి గీత ఇంకొకరికి చూపించుకుని, హార్ట్ ఎటాక్ వచ్చేట్టుందా లేదా అని చర్చలు! హార్ట్ ఎటాక్‌ని ఆ వాచీ పట్టుకోలేదని ఆ కంపెనీయే స్పష్టంగా రాసింది. గుండెలో నొప్పొస్తే వాచీ బాగుందంటోందని కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తండి బాబూ.

చివరగా మన కులవృత్తి గురించి ఒక మాట. ఆ రంగుల గుండెని తెర మీద గీసేది డాక్టర్లు కాదు, మనలాంటివాళ్లే. ఎరుపెక్కడ మొదలవ్వాలో, ఎక్కడ నున్నగా చెయ్యాలో, ఏ మీట ఎంత తిప్పాలో డిఫాల్టు విలువ పెట్టేది మనమే. ఆ విలువ పెట్టిన కుర్రాడెవరో మా మావయ్యలాంటివాళ్లకి ఎప్పటికీ తెలీదు. కొలిచిన చోటుకీ ఊహించిన చోటుకీ ఒకే మెరుపు రంగు వెయ్యడం ప్రోగ్రామ్‌లో ఒక్క లైను పని. నమ్మకం తక్కువున్న చోట రంగు పలచన చేసి చూపించడం వంద లైన్ల పని. అమెరికాలోని యూటా యూనివర్సిటీవాళ్లతో సహా ఈ రంగంలో ఉన్న చాలా బృందాలు కలిసి, తమ ప్రయోగాల డేటాని ఎడ్గార్ అనే భాండాగారంలో పెట్టారు. ఆసక్తి ఉన్నవాళ్లు ఆ లెక్క తామే చేసి చూడొచ్చు. మీట అటూ ఇటూ తిప్పితే గుండె ఎలా మారిపోతుందో కళ్లారా చూస్తే, ఆ తర్వాత మీరు రాసే ఏ డాష్‌బోర్డునీ మునుపటిలా చూడలేరు.

వంద లైన్లూ రాయమని మన మేనేజర్లు అడగరు. డెమోలో పలచని రంగు బాగుండదు కూడా. అయినా రాయాలనే నా అభిప్రాయం. మీరేమంటారు?